ట్రూడోస్ కొండల్లో గ్రావెల్ బైక్: ముందు చర్చి తాళం, తర్వాతే ఎక్కుడు

సైప్రస్‌లోని ట్రూడోస్ కొండలకు గ్రావెల్ బైక్ (మట్టిదారుల్లోనూ నడిచే లావు టైర్ల సైకిల్) తీసుకెళ్లాలనుకునే బెంగళూరు వాళ్లు చాలామంది ముందు చేసే పని ఒకటే: మ్యాపులో పది చర్చిల మీద చుక్కలు పెట్టి అన్నిటినీ గీతతో కలిపేయడం. ఆ లెక్కన మూడు రోజుల్లో అయిపోతుందనిపిస్తుంది. అవదు. చర్చి దాకా చేరుకోవడం సగం పనే, తలుపు తెరిపించుకోవడం మిగతా సగం. అందుకే రూటును చర్చి వేళల నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ గీసుకోవాలి. రోజుకు రెండు చర్చిలు, ఒకదానికొకటి మరీ దగ్గరైతే మూడు. అంతకు మించి పెట్టుకుంటే చివరిది బయటి నుంచి చూసి రావాల్సిందే.

యునెస్కో 1985లో ఇక్కడి తొమ్మిది చర్చిలను వారసత్వ జాబితాలో చేర్చింది, 2001లో పాలెఖోరి ఊరి చర్చి పదోదిగా చేరింది. బయటి నుంచి చూస్తే పెంకుటిళ్లలా ఉంటాయి. శీతాకాలంలో మంచు పడుతుంది కాబట్టి గుమ్మటాలను, కమానులను కప్పుతూ బాగా ఏటవాలుగా చెక్క కప్పు వేసి దాని మీద బల్లపరుపు పెంకులు పరిచారు. లోపల గోడల నిండా బొమ్మలే. కొన్నిటికి ఎప్పుడూ కాపలా మనిషి ఉంటాడు. మారుమూల వాటికి తాళం ఊళ్లో పూజారి దగ్గరో, చూసుకునే వాళ్ల దగ్గరో ఉంటుంది. ప్లతనిస్తాసా దగ్గరి స్తవ్రోస్ తు అగియాస్మాతి చర్చి ఊరికి దూరంగా కొండల్లో ఉంది, తాళం మాత్రం ఊళ్లోనే. తెలియక నేరుగా చర్చికి వెళ్తే మళ్లీ ఊళ్లోకి వచ్చి, తాళం మనిషిని పట్టుకుని, అదే దారి రెండోసారి ఎక్కాలి. ముందు రోజు సాయంత్రమే, బస చేసిన చోటి వాళ్ల చేత ఫోన్ చేయించుకోవడం మేలు. మధ్యాహ్నం భోజనం వేళ ఎవరినీ పిలవకండి. సోమవారం మూసి ఉండేవీ ఉన్నాయి, ఆ రోజును అడవి దారులకు వదిలేయండి.

ఇంకో చిన్న సంగతి. బిగుతు సైక్లింగ్ నిక్కరుతో లోపలికి వెళ్లడం మర్యాద కాదు, మఠాల్లో అయితే గేటు దగ్గరే ఆపేస్తారు. మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. మడిస్తే పిడికిట్లో పట్టే పల్చటి ప్యాంటు ఒకటి హ్యాండిల్ సంచీలో పెట్టుకోండి. పెడల్‌కు తగిలించుకునే ఇనుప క్లీట్లున్న బూట్లతో పాతరాతి నేల మీద నడవడం వాళ్లకూ ఇష్టం ఉండదు, మనకూ జారుతుంది. లోపల ఫోటోలకు అనుమతి అడగాలి, ఫ్లాష్ అసలు వద్దు.

ఇక దారులు. బసకు కాకోపెత్రియా మంచి ఊరు, దాదాపు 670 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పక్కనే గలాతా ఊళ్లో 1502లో కట్టిన పనాయియా పొదితు. కాకోపెత్రియాకు ఎగువన అగియోస్ నికొలావోస్ తిస్ స్తెగిస్, 11వ శతాబ్దం నాటిది. గుమ్మటం మీద రెండో కప్పు ఎలా కూర్చుందో తెలియాలంటే దీని చుట్టూ ఒకసారి తిరగాలి. ఈ రెండూ మొదటి రోజు ఉదయానికి సరిపోతాయి, ప్రయాణం బడలిక కూడా తీరుతుంది.

ఒక్క చర్చే చూసే తీరిక ఉంటే నా ఓటు అసినూకే. నికితారి ఊరు దాటాక కొండ మొదట్లో చెట్ల మధ్య ఉంటుంది. అక్కడి బొమ్మల్లో పాతవి 1105–06 నాటివి. వెళ్లేటప్పుడు తారు రోడ్డు మీద కిందికి దిగి నికితారి మీదుగా పోవడం, తిరిగి వచ్చేటప్పుడు అడెల్ఫీ అడవిలోని మట్టిబాటలు పట్టుకుని కొండెక్కడం, ఇదే సరైన వరస. తలకిందులు చేస్తే పొద్దున్నే తెలియని గులకరాళ్ల దిగుడు, మధ్యాహ్నం ఎండలో తారు ఎక్కుడు. రెండు విధాలా నష్టమే.

తూర్పు వైపు రోజు కష్టమైనది. కాకోపెత్రియా నుంచి కర్వునాస్ కూడలి దాకా ఎక్కాలి, అది దాదాపు 1,200 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి కిపెరుందా, ఖంద్రియా మీదుగా లగుదెరాకు దిగాలి. అక్కడి పనాయియా తు అరాకా చర్చి బొమ్మలు 1192 నాటివి. దాని నుంచి అగియాస్మాతికి (ఇక్కడి బొమ్మలు 1494లో ఫిలిప్ గుల్ వేసినవి) 7 కిలోమీటర్ల కాలిబాట ఉంది. మ్యాపులో అది ఊరిస్తుంది. అది నడిచేవాళ్ల బాట, సన్నం, మెట్లు, మలుపులు. సైకిల్ ప్లతనిస్తాసా రోడ్డు మీదుగానే పోవాలి, తాళం మాట ఎలాగూ ఆ ఊళ్లోనే తేలాలి. గ్రావెల్ బైకుకు ట్రూడోస్‌లో తగినవి అటవీ శాఖ బండ్లు తిరిగే వెడల్పాటి మట్టిరోడ్లు.

పడమర వైపు మరథాసా లోయ. పెదులాస్ (1474 నాటి ఆర్హంగెలోస్ మిహయిల్), దాని కింద ముతులాస్ (చర్చి 1280 నాటిది), ఇంకా కింద కలోపనయోతిస్, మూడు ఊళ్లూ ఒకే రోడ్డు మీద వరసగా దిగుతాయి. మూడు చర్చిలు ఒక్క పూటలో చూడగలిగేది ఇక్కడే. తర్వాత కిక్కోస్ మఠానికి ఎక్కి, మర్నాడు దేవదారు లోయ మీదుగా స్తవ్రోస్ తిస్ ప్సోకాస్ అటవీ కేంద్రానికి పోవచ్చు. అడవి దారుల కోసమే వచ్చినవాళ్లకు ఈ రోజే పండగ. కానీ కిక్కోస్ దాటాక కొట్టు ఉండదు. ఒక్కొక్కరికి 3 లీటర్ల నీళ్లు, రెండు పూటల తిండి కట్టుకుని బయల్దేరాలి. ఊళ్లలో ఊటనీటి కొళాయిలు ఉంటాయి, కనబడిన ప్రతి చోటా నింపుకోండి. ట్రూడోస్ శిఖరం ఒలింపస్ (1,952 మీటర్లు) కొసదాకా పోలేరు, పైన రాడార్ కేంద్రం ఉంది, కంచె వేశారు.

నంది కొండ అలవోకగా ఎక్కేస్తున్నాం కదా అనే ధీమా మన ఊళ్లో ఎక్కువ. నంది ఏడెనిమిది కిలోమీటర్ల తారు రోడ్డు, సగటు వాలు 5–6 శాతం. ట్రూడోస్ మట్టిబాటల్లో 12 శాతం వాలు మామూలు, పైగా నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది, కూర్చునే ఎక్కాలి. లెక్క చూడండి. మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలు. ముందు పళ్లు, వెనక పళ్లు సమానంగా ఉండే గేరులో (40కి 40) నిమిషానికి 60 సార్లు తొక్కితే, 45 మిల్లీమీటర్ల టైరుతో వేగం గంటకు 8 కిలోమీటర్లు. 12 శాతం వాలు మీద ఆ వేగానికి బరువు ఎత్తడానికే 235 వాట్లు కావాలి, రాళ్ల మీద దొర్లే రాపిడి దానికి అదనం. గంటల తరబడి అంత ఇవ్వగలిగేవాళ్లు ఈ పోస్టు చదవరు. ముందు 38 పళ్ల చైన్‌రింగుకు (పెడళ్ల దగ్గరి పళ్లచక్రం) వెనక 51 పళ్లది పెడితే అదే కాళ్ల వేగంతో గంటకు 6 కిలోమీటర్లు, 175 వాట్లు. అది మనిషి పడగలిగే కష్టం. ముందు 46/30 పళ్ల జంట చైన్‌రింగులు, వెనక 11–34 క్యాసెట్ (పళ్లచక్రాల కట్ట) ఉన్న బండి అయితే సామాను తగ్గించుకుని సరిపెట్టుకోవచ్చు. క్యాసెట్ పెద్దది చేసేముందు మీ వెనక డిరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు మార్చే పరికరం) ఎన్ని పళ్ల దాకా మోస్తుందో చూసుకోండి. 42 దాకా మాత్రమే తీసుకునేదానికి 51 తగిలిస్తే ఆ పెద్ద చక్రం మీదికి వచ్చినప్పుడు డిరైలర్ పుల్లీ క్యాసెట్‌కు రాసుకుని గరగరలాడుతుంది.

టైరు సంగతికొస్తే, మన దగ్గర శత్రువు తుమ్మముల్లు. చిన్న రంధ్రం, ట్యూబు లేని టైరులో పోసే సీలెంట్ ద్రవం దానంతటదే పూడ్చేస్తుంది. ట్రూడోస్‌లో మట్టి కింద ఉన్నది డయాబేస్ రాయి. భూమి అడుగు పొరలు పైకి తేలి ఏర్పడిన కొండలివి, ఈ రాయి పగిలితే అంచులు పదునుగా పెంకుల్లా విడిపోతాయి. దెబ్బ టైరు పక్కగోడకు తగులుతుంది. సెంటీమీటరు పొడుగు కోత పడితే సీలెంట్ అంతా ఆ సందులోంచి కారిపోతుంది, రంధ్రంలో దూర్చే పురికొస ప్లగ్గు కూడా నిలవదు. అప్పుడు ట్యూబు వేయాలి, కోతకు లోపలి నుంచి ఆసరా పెట్టాలి. మన దగ్గర పాల ప్యాకెట్ మడిచి పెట్టే అలవాటుంది. అది కాస్త దూరానికే సాగిపోయి ట్యూబు ఉబ్బి బయటికొస్తుంది. పాత రోడ్డు టైరు పక్కగోడలోంచి 5 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల పొడుగు ముక్క కోసి, అంచులు పల్చగా గీకి ఇంటి దగ్గరే తయారుగా పెట్టుకోండి. వేసేముందు టైరు లోపలి సీలెంట్ తడి గుడ్డతో పూర్తిగా తుడవాలి, లేకపోతే ముక్క జారిపోతుంది.

టైరు 45 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పక్కగోడ బలంగా ఉన్న రకమే తీసుకోవాలి. ఒక్కోదానిలో 80 మిల్లీలీటర్ల సీలెంట్ పోయండి. 75 కిలోల మనిషికి ముందు 28, వెనక 31 పీఎస్ఐతో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. తారు మీద అలవాటైన 45 పీఎస్ఐ అక్కడ పెడితే టైరు రాళ్ల మీద బంతిలా ఎగిరి మలుపులో పట్టు తప్పుతుంది. మరీ 22కి దించితే రిమ్ము రాయికి కొట్టుకుంటుంది.

దిగుడు గురించి తక్కువ మాట్లాడుకుంటారు, అసలు పాడయ్యేది అక్కడే. 100 కిలోల బరువు 1,000 మీటర్లు దిగితే దాదాపు 980 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. తారు మీద వేగంగా దిగుతాం కనుక గాలే చాలావరకు తినేస్తుంది. గులకరాళ్ల మీద గంటకు 15–20 కిలోమీటర్లకు మించి పోలేం, గాలి సాయం ఉండదు, వేడంతా బ్రేకుల మీదే పడుతుంది. రెజిన్ బ్రేకు ప్యాడ్లు మెరుగు తేలి పట్టు వదిలేస్తాయి. మెటల్ ప్యాడ్లు వేసుకుని, ఇంకో జత సంచీలో పెట్టుకోండి. బ్రేకు సన్నగా పట్టుకునే దిగడం కన్నా, మలుపుకు ముందు గట్టిగా పట్టి, తిన్నగా ఉన్నచోట పూర్తిగా వదలడం మంచిది. ఆ వదిలిన కాసేపట్లోనే రోటరు (ప్యాడ్లు పట్టే బ్రేకు బిళ్ల) చల్లారుతుంది. లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తుంటే వెంటనే ఆగాలి. రోటరు మీద నీళ్లు పోస్తే వంకర పోతుంది, వేలు పెడితే బొబ్బ.

బెంగళూరులో సాధనకు చిక్కబళ్లాపురం వైపు నీలగిరి తోపుల మధ్య మట్టిదారులు చాలు. ఆ ఊళ్లలో తెలుగు నడుస్తుంది, దారి అడగడానికి బెంగ లేదు. టిప్పర్లు తిరిగే క్వారీ రోడ్ల జోలికి పోకండి. ట్రూడోస్‌కు తీసుకెళ్లే పూర్తి సామానుతోనే తొక్కండి. ఖాళీ సైకిల్ మీద చేసిన దిగుడు సాధన బరువు సైకిల్ మీద పనికిరాదు.

సైకిల్ పెట్టెలో సర్దేటప్పుడు వెనక డిరైలర్ విప్పి గుడ్డలో చుట్టి ఫ్రేము లోపలికి కట్టేయండి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందంటే ఆ కొండల్లో కొత్తది దొరకదు. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఇంకొకటి తప్పనిసరి. చక్రాలు తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల దూర్చాలి, లేదంటే దారిలో లివరు నొక్కుకుని పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. పవర్ బ్యాంకు, లైట్ల బ్యాటరీలు చేతి సంచీలోనే. టైర్లలో గాలి నింపే చిన్న గ్యాసు సిలిండర్లు విమానాశ్రయంలో తీసేసుకునే అవకాశం ఎక్కువ, చేతి పంపు పెట్టుకోండి. సైప్రస్‌లో బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి, అదొక ఉపశమనం. ప్లగ్గు బ్రిటన్ తరహా మూడు పలక పిన్నులది.

ఏప్రిల్, మే నెలలు, అక్టోబరు మంచివి. ఫిబ్రవరిలో పైన మంచు, జూలై, ఆగస్టుల్లో కింద లోయల్లో భరించలేని ఎండ, పైగా కార్చిచ్చు భయం. పొగ కనబడితే అటవీ అగ్ని నంబరు 1407, మిగతా ఆపదలకు 112. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే బుధ, ఆదివారాల్లో వేటగాళ్లు తుపాకులతో అడవిలో ఉంటారు. ఆ రెండు రోజులు చర్చిలకు తారు రోడ్డు మీద వెళ్లండి, నారింజ రంగు జాకెట్ వేసుకోండి.