పేరు వినని తోటల పోర్టు వైను

పోర్టు, అంటే ద్రాక్ష స్పిరిట్ కలిపి చేసే పోర్చుగల్ తియ్యటి వైను, అనగానే చాలామంది పెద్ద కంపెనీల సీసాలే చూస్తారు. అందులో లేట్ బాటిల్డ్ వింటేజ్ అనే రకం కొనేటప్పుడు మాత్రం కింటా దొ ఇన్ఫంతాదు, కింటా దొ క్రాస్తు లాంటి డోరు నది లోయలోని ద్రాక్షతోటల పేర్లు కూడా వెతకండి. 1986 దాకా ఎగుమతి పోర్టు ఆ నది ముఖద్వారం దగ్గరున్న విలా నోవా ద గాయా ఊరి గోదాముల మీదుగానే వెళ్లాల్సి వచ్చేది. ఆ నిబంధన పోయాకే తోటవాళ్లు నేరుగా అమ్ముకోగలిగారు.

లేట్ బాటిల్డ్ వింటేజ్ అంటే ఒకే ఏడాది పంట, కోతయ్యాక నాలుగు నుంచి ఆరో ఏట సీసాలోకి. ఇందులో రెండు రకాలు. వడకట్టింది చేత్తో లాగే మూతతో వస్తుంది, కొన్న రోజే తాగొచ్చు, సీసాలో దాచినా పెద్దగా మెరుగుపడదు. లేబుల్ మీద 'అన్‌ఫిల్టర్డ్' అని ఉండి, స్క్రూతో తీయాల్సిన పొడవాటి కార్కు ఉంటే అదే నా ఓటు. దాచుకుంటే బాగుపడేది అదే.

దానికి మడ్డి ఉంటుంది. ముందురోజే సీసా నిలబెట్టండి. మెడ వెనక లైటు పెట్టి, ఆపకుండా సన్నటి ధారగా జగ్గులోకి వంచండి. మధ్యలో సీసా నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డంతా లేస్తుంది. మెడలో నల్లటి తీగ కనిపించగానే ఆపేయాలి, అడుగున రెండు వేళ్ల మందం వదిలేయాల్సిందే.

పోసేటప్పుడు 16-18 డిగ్రీల చల్లదనం చాలు. ఆల్కహాల్ దాదాపు 20 శాతం, మన ఎండాకాలపు గది వేడిలో పోస్తే ముక్కుకి స్పిరిట్ ఘాటే తగులుతుంది. తెరిచాక ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. గోవాలో చవగ్గా దొరికే తియ్యటి 'పోర్టు'తో మాత్రం దీన్ని పోల్చకండి బాబూ!