రెండు ఓట్ల తేడా

వాణిజ్య ఒప్పందం అంటే సుంకాల లెక్కే అనుకునేదాన్ని. మొన్న రాత్రి నిద్రపట్టక ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) వాళ్ల ఎస్పీఎస్ ఒప్పందం, అంటే ఆహార భద్రత, జంతువుల, మొక్కల ఆరోగ్య నియమాల ఒప్పందం తెరిచాను. 1995 నుంచి అమల్లో ఉంది. ఆహార భద్రత నియమాలు పెట్టుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందట, కానీ వాటికి శాస్త్రీయ ఆధారం చూపాలట. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ అనే సంస్థ ప్రమాణాలను పాటిస్తే పేచీ లేదు. అంతకంటే కఠినంగా వెళ్తేనే సంజాయిషీ.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ హార్మోన్లు వాడిన పశువుల మాంసాన్ని యూరప్ నిషేధిస్తే, సరైన ప్రమాద అంచనా లేదని 1998లో డబ్ల్యూటీఓ అప్పీలు సంఘం తప్పుపట్టింది. యూరప్ నిషేధం ఎత్తేయలేదు. దాంతో 1999లో అమెరికా, కెనడా యూరప్ సరుకుల మీద ఎదురు సుంకాలు వేశాయి. అంటే, మా కంచంలోకి ఇది వద్దు అన్నందుకు, ఆ మాంసంతో సంబంధమే లేని వ్యాపారులు కూడా నష్టపోయారన్నమాట!

పోనీ, ఆ కోడెక్స్ అయినా అచ్చంగా సైన్సేనా? పందులకు, పశువులకు మేతలో కలిపే రాక్టోపమైన్ మందు మాంసంలో ఎంత మిగలొచ్చో 2012లో ఓటింగ్ పెట్టి తేల్చారు. 69-67. ఆ అంకెలు చూసి నిద్ర పూర్తిగా ఎగిరిపోయింది. సైన్స్ అంత తేటగా ఉంటే ఓట్లెందుకు?

అలాగని ప్రతి నిషేధమూ మన ఆరోగ్యం కోసమేనని నేను నమ్మను. సొంత రైతుల్ని కాపాడుకోవడానికి భద్రత పేరు చెప్పే దేశాలూ ఉంటాయి. ఏది ఏదో తేల్చడమే కష్టం. ఒప్పందంలో ఇంకా సగం చదవాల్సి ఉంది.