సలేశ్వరం దారిలో ఎవరు ఎందుకు నడుస్తున్నారు?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ వాహనాలను వదలరు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది. దీని లోపలి లోయలో, జలపాతం పక్కన గుహలో సలేశ్వరం లింగమయ్య ఉంటాడు. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే అటవీశాఖ ఆ దారి తెరుస్తుంది. పూజారులు చెంచులే.

నేను జాతరకు వెళ్లాను. ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి తిరిగి, రాంపూర్ పెంట (పెంట అంటే చెంచుల గూడెం) దాకా బండి మీద, అక్కడి నుంచి కాలినడక. రాళ్లు తేలిన దారి, ఒకచోట మనిషి వెనక మనిషి తప్ప నడవలేనంత ఇరుకు. దిగేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అంటుంటే, ఎక్కేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అంటున్నారు.

ఆగిన చోటల్లా పక్కవాళ్లను ఒకటే అడిగాను, ఎందుకొచ్చారని. కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుని, "మనవడికి బాగైతే వస్తనని మొక్కిన బిడ్డా" అంది. ఆమె సంచిలో స్టీలు చెంబు, కొబ్బరికాయ, చద్దిమూట ఉన్నాయి. కాలేజీ కుర్రాళ్లు "వీడియోల్ల చూసినం అన్నా, లొకేషన్ మస్తుంది" అన్నారు. ఒక కుటుంబమైతే పులి కనబడుతుందేమో అన్న ఆశతో పిల్లల్ని తీసుకొచ్చింది. ఇంత జనంలో పులి కాదు, జింక కూడా దగ్గరికి రాదు. జంతువుల్ని చూడాలనుకునే వాళ్లకు ఫర్హాబాద్‌లోనే సఫారీ ఉంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నాకు బాధ కలిగించింది ఇదే. గేటు దగ్గర అందరికీ ఒకే బోర్డు, ఒకే హెచ్చరిక. వచ్చిన కారణాలు వేరు, కాబట్టి వినిపించాల్సిన మాటా వేరుగా ఉండాలి కదా! మొక్కు తీర్చుకునే మనిషికి జరిమానా గురించి చెబితే భయపడుతుంది, అంతే. "ఇది లింగమయ్య ఇల్లు, కవర్లు పారేయకు తల్లీ" అని చెంచు పూజారి చెబితే ఆ కవరు సంచిలోకి వెళ్తుంది. నేను చూశాను. భక్తులంతా శుభ్రంగా ఉంటారని కాదు, జలపాతం కింది నీటి గుండం దగ్గర విడిచిన బట్టలు, అగరుబత్తి డబ్బాలు భక్తులవే.

ఆ రోజుల్లో అడవి పరిస్థితి కూడా తెలియాలి. చైత్రానికి చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, నేలంతా ఎండుటాకు. ఒక్క బీడీ ముక్క చాలు. మంటలు పాకకుండా అటవీ సిబ్బంది ఎండుటాకు ఊడ్చి ఫైర్ లైన్లు తీస్తారు, కానీ వేల కాళ్లు నడిచే దారి పక్కన అవి ఎంతవరకు కాపాడతాయి? పైగా జంతువులు నీళ్ల కోసం వెతుక్కునే కాలం. లోయలో నీళ్లున్న చోట రోజంతా మనమే ఉంటే అవి ఎక్కడికి పోవాలి? స్పీకర్ పెట్టుకుని నడుస్తున్న వాళ్లను చూసి నాకు నిజంగా కోపమొచ్చింది. ఉప్పు అంటిన చిప్స్ కవర్లను జింకలు, దుప్పులు నమిలి మింగేస్తాయి. వాటి కడుపులో అవి అరగవు.

జాతర ఆపాలనే వాళ్లతో నేను ఏకీభవించను. అభయారణ్యం అనే పేరు రాకముందు నుంచీ చెంచులు అక్కడ దీపం పెడుతున్నారు, ఆ పెద్దమ్మ మొక్కుకు వేరే చోటు లేదు. కానీ రోజులు పెంచాలన్న డిమాండ్‌ను కూడా ఒప్పుకోను. ఉన్న రోజుల్లోనే దారి పొడవునా తాగునీళ్ల డ్రమ్ములు పెట్టి, సీసాలు గేటు దగ్గరే ఆపేసి, ఆ పనికి పెంటల్లోని చెంచు యువకులకు కూలి కట్టివ్వాలి. కేవలం లొకేషన్ కోసం వచ్చే వాళ్లకు వానాకాలం తర్వాత రోడ్డు పక్క వ్యూపాయింట్లు, సఫారీ చూపించాలి. ఆ విషయం వాళ్లు చూసే వీడియోల్లోనే చెప్పాలి, మన్ననూరు దాకా వచ్చాక కాదు.