పాత డీవీ వీడియోల్లో దువ్వెన గీతలు: నా అనుభవం

నాన్న మినీడీవీ (చిన్న డిజిటల్ టేపు) క్యామ్‌కార్డర్‌తో తీసిన టేపుల్ని ఎప్పుడో ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్క్‌లో దాచాం, గంటకి దాదాపు 13 జీబీ చొప్పున. ఈమధ్య తెరిచి చూస్తే మనుషులు కదలకుండా ఉన్నంతసేపూ బొమ్మ బాగానే ఉంది, కాస్త కదిలితే చాలు అంచులన్నీ దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. చెల్లి తాడాట ఆడే క్లిప్ ఒకటుంది, అందులో తాడు తాడులానే లేదు. ఫైళ్లు పాడైపోయాయేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

పాడవలేదు. మాది పాల్ కెమెరా, అంటే మన దేశపు పాత టీవీ పద్ధతిది. సెకనుకి 25 ఫ్రేములే అయినా ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాలుంటాయి: 576 గీతల్లో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో 50వ వంతు తర్వాతివి. ఇలా ఒక్కో క్షణానికి చెందిన సగం గీతల్ని ఫీల్డ్ అంటారు. పాత ట్యూబ్ టీవీ వీటిని ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి తేడా తెలిసేది కాదు, ఇప్పటి స్క్రీన్ మీద రెండూ ఒకేసారి పడేసరికి ఆ పళ్లు బయటపడతాయి.

ఇదంతా తెలియక మొదట సైజు పెంచి 1080కి ఎక్స్‌పోర్ట్ చేశాను. అది పెద్ద తప్పు. ఎత్తు మారగానే రెండు క్షణాల గీతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఆ తర్వాత వాటిని ఏ ఫిల్టరూ విడదీయలేకపోయింది. అసలు ఫైల్‌ని ముట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. తర్వాత వీడియో ఎడిటర్‌లో డీఇంటర్‌లేస్ (కలిసున్న ఆ రెండు క్షణాల గీతల్ని విడదీయడం) టిక్ పెట్టి సెకనుకి 25 ఫ్రేముల్లోనే తీశాను, గీతలు పోయాయి గానీ కదలికలో ఆ నునుపు కూడా పోయింది. పోదా మరి, ఉన్న 50 క్షణాల్లో సగం పారేసినట్టే కదా.

అందుకని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో బీడబ్ల్యూడిఫ్ అనే డీఇంటర్‌లేస్ ఫిల్టర్ పెట్టి, ఒక్కో ఫీల్డ్ నుంచి ఒక్కో ఫ్రేము తయారయ్యేలా 50కి తీశాను. గీతల్లేవు, బొమ్మ శుభ్రంగా ఉంది, కానీ మనుషులు వణుకుతున్నారు! చాలాసేపు ప్లేయర్‌దే తప్పనుకున్నాను. చివరికి తాడు క్లిప్‌ని ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూశాను: తాడు తల మీదికి వచ్చింది, తర్వాతి ఫ్రేములో భుజం దగ్గరికి వెనక్కి పోయింది, ఆ తర్వాత తల దాటి ముందుకొచ్చింది. మూడడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి. అంటే ఫీల్డ్‌ల వరస తిరగబడింది. హెచ్‌డీ వీడియోల్లో మామూలుగా పై ఫీల్డే (అన్నిటికంటే పై గీత ఉన్నది) ముందు ఉంటుంది, నేను ఇక్కడా అదే ఇచ్చాను, డీవీలో మాత్రం కింది ఫీల్డ్ ముందు. ఆ ఒక్కటి మార్చగానే వణుకు ఆగిపోయింది. మీ దగ్గర ఇలాంటి ఫైళ్లుంటే అన్నిటికంటే ముందు ఇదే చూసుకోండి, బాగా కదిలే పది సెకన్ల ముక్క చాలు.

మొహాలు సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంటే వెడల్పు 720 నుంచి 768కి మార్చాను, అదీ డీఇంటర్‌లేస్ అయ్యాకే. బాగా ఇష్టమైన రెండు క్లిప్పులకి మాత్రం ఏవీసింత్ అనే ఇంకో ప్రోగ్రామ్‌లో క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేస్ స్క్రిప్ట్ వాడాను. చాలా నెమ్మది, రాత్రంతా నడిచింది, అయినా కిటికీ ఊచల్లాంటి సన్నటి గీతలు మినుకుమినుకుమనడం బాగా తగ్గింది.

ఒక టేపుది అసలు ఫైల్ దొరకలేదు, ఎవరో సెకనుకి 30 ఫ్రేములకి మార్చిన కాపీయే మిగిలింది. అందులో గీతలు లేవు గానీ కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతోంది. ఫ్రేములు లెక్కపెడితే ప్రతి ఆరింటిలో ఒకటి ముందుదానికి నకలు. నకలు ఫ్రేముల్ని తీసేసే డెసిమేట్ ఫిల్టర్‌కి సైకిల్ 6 (ప్రతి ఆరింటిలో ఒకటి తీసెయ్యమని) ఇస్తే ఆ నకళ్లు పోయి మళ్లీ 25 అయింది, సౌండ్ ఎక్కడా జరగలేదు. పారేసిన సగం క్షణాలు మాత్రం ఇక రావు, ఆ బాధ ఉంది.

తాడాట క్లిప్ చెల్లికి పంపాను. తాడు కాలికి తగిలి ఆగిపోయేలోపు ఎన్ని గెంతులు వేసిందో ఇప్పుడు లెక్కపెట్టొచ్చు. 17.