చూసివచ్చిన ఊళ్ళ గురించి ఇంగ్లీషులో: క్రియారూపాల సాధన ఎంతవరకు వచ్చింది

చూసివచ్చిన ఊళ్ళ గురించి ఇంగ్లీషులో రాసుకునే నోటుపుస్తకంలో ఈ నెల సాధనంతా ‘వెంట్’, ‘హావ్ బీన్’, ‘హావ్ గాన్’ అనే మూడింటి చుట్టూనే తిరిగింది. తెలుగులో ‘రామప్పకు వెళ్ళాను’ అనే మాట ఎప్పుడు వెళ్ళినా చెల్లుతుంది కనుక, వాక్యం మొదలుపెట్టే ముందే దానిని మనసులో విడదీసి చూసుకుంటున్నాను. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళివచ్చానన్నంత మాత్రమే అయితే ‘ఐ హావ్ బీన్ టు రామప్ప’. మొన్న ఆదివారం అని రోజు చెప్పేస్తే ‘ఐ వెంట్ టు రామప్ప లాస్ట్ సండే’. అన్నయ్య వెళ్ళి ఇంకా తిరిగి రాకపోతే ‘హి హాజ్ గాన్ టు రామప్ప’. అన్నయ్య శుక్రవారం నుండి వరంగల్లులోనే ఉంటే మాత్రం ‘టు’ పోయి ‘ఇన్’ వస్తుంది: ‘హి హాజ్ బీన్ ఇన్ వరంగల్ సిన్స్ ఫ్రైడే’.

రామప్ప గుడి గురించి రాసే పేరా ఇంతకంటె ఆసక్తికరమైనది. నిర్మాణం 1213లో మొదలైంది కాబట్టి ‘స్టార్టెడ్ ఇన్ 1213’. యునెస్కో గుర్తింపు 2021లో వచ్చి నేటికీ కొనసాగుతున్నది కాబట్టి ‘హాజ్ బీన్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ సిన్స్ 2021’. నక్షత్రాకారపు పీఠం మీద గుడి ఇప్పటికీ నిలిచే ఉన్నది గనుక అక్కడ ‘స్టాండ్స్’ అనాలి. ‘స్టుడ్’ అని రాస్తే, చదివేవారికి గుడి కూలిపోయిందేమోనన్న అనుమానం కలగవచ్చు. మనం చేసిన పనులకు భూతకాలం, ఇప్పటికీ ఉన్నవాటికి వర్తమానం అన్న ఈ విభజన పాఠ్యపుస్తకాలలో ఇంకా ముందే రావలసినదని నా అభిప్రాయం. ఏడవ శతాబ్దంలో ధాన్యకటకానికి (నేటి అమరావతి ప్రాంతం) వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ విషయంలోనైతే, ఆయన జీవితం ఎన్నడో ముగిసింది కనుక, ‘హాజ్ విజిటెడ్’ కుదరదు, ‘విజిటెడ్’ ఒక్కటే. అన్నట్టు, క్రియగా వాడిన ‘విజిట్’ తరువాత ఊరి పేరుకు ముందు ‘టు’ రాదు.

రాసిన వాక్యాలను ఫోనులో రికార్డు చేసి సాయంత్రం వింటున్నాను. ‘ఐవ్ బీన్’లోని ‘వ్’ను మింగేస్తే వాక్యం ‘ఐ బీన్’గా వినిపిస్తున్నది; అందుకని ప్రస్తుతానికి ‘ఐ హావ్’ అని విడదీసే పలుకుతున్నాను. వచ్చే నెల లేపాక్షి పేరా ఎత్తుకుంటాను. లేపాక్షికి వెళ్ళకముందే హంపి చూసి ఉండటం వల్ల రెండుచోట్ల శిల్పాలను పోల్చి చూడగలిగాను కాబట్టి, ‘హ్యాడ్ బీన్’ అవసరం అందులో తప్పకుండా పడుతుంది.