రాక్షసుని విల్లును మనిషి ఎక్కుపెట్టగలడా?

తిరుపతిలో అలిపిరికి దగ్గరలోని ఒక మిత్రుని మిద్దెపై మేము కొందరం ప్రతి ఆదివారం సాయంత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ కూర్పు ఆడుతున్నాము. ఒక్కొక్కరూ ఒక పాత్ర వేస్తూ, పాచికలతో ఫలితాలు తేల్చుకుంటూ కథను నడిపే ఆట ఇది. ఆటను నడిపించే డంజన్ మాస్టర్ బాధ్యత నాది. పోయిన వారం కథలో ఓగర్ అనే రాక్షసుడు కూలగానే, విలుకాడి పాత్ర వేసే తమ్ముడు "అన్నా, వాడి విల్లు నేను ఎత్తుకుంటా" అన్నాడు. అప్పటికప్పుడు నేను చెప్పిన తీర్పు నాకే తృప్తినివ్వలేదు.

2003 నాటి 3.5 కూర్పు ప్రకారం, ఆయుధానికీ దాన్ని పట్టినవానికీ పరిమాణంలో ఒక్కో మెట్టు తేడాకు దాడి తగిలిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచికపై వచ్చిన అంకెలోంచి 2 తీసివేయాలి. దెబ్బ ఎంతో తేల్చడానికి మీడియం, అంటే మనిషి పరిమాణపు, పొడవాటి విల్లుకు ఒక ఎనిమిది ముఖాల పాచిక అయితే, లార్జ్, అంటే ఓగర్ పరిమాణపు, విల్లుకు రెండు ఆరు ముఖాల పాచికలు. సగటు దెబ్బ 4.5 నుంచి 7కు పెరుగుతుంది. 2014 నాటి ఐదవ కూర్పు లార్జ్ ఆయుధానికి దెబ్బ పాచికలను రెట్టింపు చేసి, మనిషి దాన్ని వాడితే దాడికి ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి తక్కువ వచ్చినదాన్నే తీసుకోమంటుంది.

ఈ రెండు నియమాలూ కష్టాన్ని గురిలో చూస్తున్నాయి. విల్లు విషయంలో కష్టం గురికన్నా ముందే మొదలవుతుంది. బాలకాండలో శివధనుస్సు ఉన్న ఎనిమిది చక్రాల పెట్టెను ఐదువేల మంది లాగుకొని వస్తారు. అక్కడ రాజులు ఓడిపోయింది లక్ష్యం తప్పి కాదు, ఎక్కుపెట్టలేక. విల్లు పొడవు ఒక్కటే అడ్డంకి అనుకోవడమూ సరికాదు, ఎందుకంటే జపాను వారి యుమి అనే విల్లు రెండు మీటర్లకు పైగా ఉన్నా, పిడి మధ్యకన్నా కిందుగా ఉండడం వలన సాధారణ మనిషే దాన్ని వాడుతాడు. అసలు లెక్క నారిని ఎంత బలంతో, ఎంత దూరం లాగగలమన్నదే. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు ఓడలో దొరికిన విండ్లను పూర్తిగా లాగడానికి సుమారు 100 నుంచి 185 పౌండ్ల బలం కావాలని అంచనా. అవి మనుషుల విండ్లే. ఓగర్ విల్లును లాగేంత బలం ఒకనికి ఉన్నదనుకున్నా, చేయి పొట్టిది కనుక నారి చివరిదాకా రాదు, బాణానికి పూర్తి వేగమూ అందదు.

3.5 కూర్పులోని కాంపోజిట్ విల్లు (పలు పదార్థాల పొరలతో చేసినది) నియమమే నాకు దారి చూపింది: దానికి ఒక బలపు కొలత ఉంటుంది, అది లేనివాడు నష్టపోతాడు. 2024 కూర్పు బరువైన విండ్లకు చురుకుదనం (డెక్స్టెరిటీ) 13 అడగడం నాకు రుచించలేదు, అడగవలసింది బలాన్ని.

క్రాస్‌బో, అంటే మీట నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు, సంగతి వేరు. మరతో నారిని వెనక్కు లాగవచ్చు కాబట్టి బలహీనుడూ దాన్ని సిద్ధం చేయగలడు, అయితే సమయం పడుతుంది. ఐదవ కూర్పులో బాలిస్టాకు, అంటే నేలపై నిలిపే పెద్ద క్రాస్‌బో వంటి యుద్ధయంత్రానికి, ఎక్కించడానికి, గురిచూడడానికి, వదలడానికి ఒక్కొక్క యాక్షన్ (ఒక వంతులో చేయగల ముఖ్యమైన పని) ఖర్చవుతుంది. రాక్షసుల క్రాస్‌బోకు కూడా నేను అదే పెడతాను.

ఓగర్ బలం 19, అంటే ఆటలో పాచికకు కలిపే అంకె +4. కనుక ఆ విల్లు కొలత కూడా +4. అంత బలం ఉన్న మనిషికి రెండు ఆరు ముఖాల పాచికలు ఇస్తాను, గురిలో ఏ కోతా పెట్టను. లేనివానికి ఒక ఎనిమిది ముఖాల పాచికే, దూరమూ సగమే. మా తమ్ముని పాత్రకు బలం 14, అంటే +2. ఈ ఆదివారం అతను ఆ విల్లు పట్టుకుంటే, బాణం 150 అడుగులకు బదులు 75 అడుగుల దాకానే సరిగా వెళ్తుంది.