అమ్మ ఫోన్‌లో వాతావరణ అలర్ట్‌లు పెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది

మాది బాపట్ల జిల్లా, రేపల్లె దగ్గర పల్లెటూరు, నేనుండేది హైదరాబాద్‌లో. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు నేనిక్కడ టీవీ చూసి అమ్మకి ఫోన్ చేసి చెప్పడం, లైన్ కలవకపోతే కంగారుపడటం, ఇదే పని. ఇంట్లో ఉన్నోళ్ళకి ముందు తెలియాలి గానీ నాకు తెలిసి ఏం లాభం అనిపించి, ఈసారి ఊరెళ్ళినప్పుడు అలర్ట్‌లు సెట్ చేసే వద్దామని కూర్చున్నా.

నాన్న మొదట్లోనే తేల్చేశారు. "తుఫానొస్తే నిజాంపట్నం హార్బర్లో ఎన్నో నంబర్ ప్రమాద హెచ్చరిక ఎగరేశారో ఊరంతా చెప్పుకుంటారు, దానికి ఫోనెందుకమ్మాయ్" అని. నిజం చెప్పాలంటే ఆయనన్నది కరెక్టే, తుఫాను రెండు మూడు రోజుల ముందు నుంచే తెలుస్తది, మైకులో చెప్తారు, వీఆర్వోనో ఎవరో ఒకరు వస్తారు. కానీ మే నెలలో సాయంత్రం పూట ఉన్నట్టుండి మబ్బు పట్టి పిడుగులు పడతాయి చూడండి, దానికి ఏ హార్బర్లోనూ నంబర్ ఎగరేయరు, ఆ టైంలో నాన్న పొలంలోనో గేదెల దగ్గరో ఉంటారు. నా భయమంతా దాని గురించే.

సరే, రెండు యాప్‌లు అనుకున్నా. ఒకటి సచేత్, అది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. ఇంకోటి దామిని, పుణెలో ఉన్న వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళు పిడుగుల కోసమే చేసింది. అమ్మ ఫోన్‌లో డౌన్‌లోడ్ కొడితే స్టోరేజ్ ఫుల్ అంది, ఎందుకుండదు, గుడ్ మార్నింగ్ ఫొటోలు, వంటల వీడియోలు, ఎవరిదో గృహప్రవేశం వీడియో మూడు ముక్కలుగా. అవి ఒక్కోటి అమ్మని అడిగి డిలీట్ చేసేసరికి అన్నం టైమైంది. ఆ తర్వాత ప్లే స్టోర్ పాస్‌వర్డ్ అడిగింది, ఆ అకౌంట్ ఫోన్ కొన్న షాపు కుర్రాడు పెట్టింది, వాడికీ గుర్తు లేదంట, ఇంక కొత్త అకౌంట్ తెరిచా.

సచేత్‌లో తెలుగు పెట్టుకోవచ్చు, అది బానే ఉంది. అసలు తిప్పలు లొకేషన్‌తో. చార్జింగ్ అయిపోద్దని అమ్మ లొకేషన్ ఆపేస్తది, ఎన్నిసార్లు చెప్పినా అంతే, అందుకని లొకేషన్ మీద ఆధారపడకుండా మన జిల్లాని సబ్‌స్క్రైబ్ చేసే ఆప్షన్ ఉంటే బాపట్ల పెట్టేశా, నా ఫోన్‌లో కూడా బాపట్లే పెట్టుకున్నా. దామినికి మాత్రం లొకేషన్ ఉండాల్సిందే, మనమున్న చోటు చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతున్నాయా అని అది చూస్తది కాబట్టి. వేసవిలో మాత్రం ఆపొద్దని ఒట్టేయించుకున్నా.

ఇంకోటి ఎవరూ చెప్పరు, బ్యాటరీ సెట్టింగ్. ఫోన్ దానంతటదే వెనకున్న యాప్‌లని పడుకోబెట్టేస్తది, అలర్ట్ వచ్చినా మోగదు. యాప్ ఇన్ఫోలోకెళ్ళి బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాలి, కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి. అలాగే సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని ఉంటది, 2023లో దేశమంతా టెస్ట్ చేసినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారే బుయ్యిమన్నాయి చూడండి, అదే, దానికి యాప్ అక్కర్లేదు, ఆన్‌లో ఉందో లేదో చూస్తే చాలు.

నాన్నది కీప్యాడ్ ఫోన్. దానికి ఏపీ విపత్తుల సంస్థ వాళ్ళ మెసేజ్‌లు తెలుగులోనే వస్తాయి, ఏమీ రిజిస్టర్ చేయక్కర్లేదు, కానీ ఇన్‌బాక్స్ చూస్తే రీఛార్జ్ ఆఫర్లు, లోన్ మెసేజ్‌లతో నిండిపోయి ఉంది, కొత్తది వస్తే పట్టే చోటే లేదు. అంతా ఖాళీ చేశా. అయినా ఆయన మెసేజ్ తీసి చదువుతారని నమ్మకం లేదు కాబట్టి అమ్మ ఫోన్ మోగితే అమ్మ నాన్నకి కాల్ చేయాలి, అదీ ఒప్పందం. ఆపదలో చేయాల్సిన 112, 1070, 18004250101 నంబర్లు పెద్దక్షరాల్లో రాసి క్యాలెండర్ పక్కన అంటించా.

మే నెలలో ఒక సాయంత్రం అమ్మ కాల్ చేసింది, పిడుగుల మెసేజ్ వచ్చిందని నాన్నకి చెప్తే "ఇక్కడ ఎండ కాస్తోంది, ఏం పిడుగులే" అన్నారంట, అయినా సణుక్కుంటూ వచ్చేశారు, ఇంటికొచ్చిన కాసేపటికి గాలి లేచి పడమటి వైపు ఉరుములు మొదలయ్యాయి. మా ఊళ్ళో ఎక్కడా పిడుగు పడలేదు, "చూశావా, ఏం కాలేదు" అని ఆయన, "పొలంలో ఉంటే తెలిసేది" అని అమ్మ.

కాస్త జాగ్రత్తగా ఉండమని చెప్పే ఎల్లో అలర్ట్‌లు మాత్రం మరీ ఎక్కువొస్తాయి, విసుగొచ్చి అమ్మ ఎక్కడ తీసేస్తదో అని ఆరెంజ్, రెడ్ వస్తేనే పట్టించుకో, దామిని మోగితే మాత్రం రంగు చూడకు అని చెప్పా. పక్కింటి బాబాయ్ కూడా పెట్టమన్నాడు, ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, గాలికి కరెంట్ పోతే చెరువు నీళ్ళకి ఆక్సిజన్ అందించే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటర్‌కి డీజిల్ ముందే తెచ్చి పెట్టుకోవాలి కదా. ఈసారి వెళ్ళినప్పుడు ఆయన ఫోన్ పట్టుకోవాలి, ప్లే స్టోర్ పాస్‌వర్డ్ ముందే వెతికి పెట్టమన్నా.